లోపలికి వెళ్లని బడికి నేనిచ్చిన గ్యారంటీ

ముప్పై ఏళ్లకు పైగా పాతబస్తీలో కిరాయి ఇళ్లు చూపించాను. నా కార్డు మీద 'రియల్ ఎస్టేట్ కన్సల్టెంట్' అని ఉండేది. శాలిబండలో మాత్రం నన్ను అందరూ 'టులెట్ యాదగిరి' అనేవాళ్లు. కార్డు కంటే వాళ్లే కరెక్టు. ఇక మెట్లెక్కేది లేదని మోకాళ్లు మొండికేయడంతో నిరుడు పని మానేశాను. నాకంటే ముందు నా మోకాళ్లకు బుద్ధి వచ్చింది.

ఈ మధ్య మా వైపు ఇద్దరు కుర్రాళ్లు, ఒక అమ్మాయి ఇదే పనిలోకి దిగారు. ఇళ్ల ఫోటోలు ఫోన్లో పెడతారు. వీడియోలు తీస్తారు. "యాదన్నా, నీ ఎక్స్‌పీరియన్స్ జర మాక్కూడ చెప్పు" అని అడిగారు. ఎన్ని ఇళ్లు ఇప్పించానో చెప్తే నాకు బాగుంటుంది గానీ వాళ్లకు ఒరిగేదేమీ లేదు. ఇప్పించకూడని ఒక ఇంటి సంగతి చెప్తాను. ఉద్యోగం కోసం ఊరు మారి వచ్చేవాళ్లు మనల్ని ఎప్పుడూ రెండే ప్రశ్నలు అడుగుతారు: ఏరియా సేఫేనా, బడి మంచిదేనా. ఆ రెండింటికీ నేను చాలా ఏళ్లు తెలియకుండానే జవాబులు చెప్పాను. అదీ మంచి ధీమాగా.

ఖాజా సాబ్ చెప్పింది, నేను విననిది

నాకు ఈ పని నేర్పినాయన ఖాజా సాబ్. ఆయన ఆఫీసు అంటే ఒక ఇరానీ హోటల్లో మూల టేబులు. ఒక్క వాన పడేదాకా ఆయన కొత్త ఇల్లు ఎవరికీ చూపించేవాడు కాదు. వానలో వెళ్లి, గల్లీలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూసి, అప్పుడు తాళం చేతికి తీసుకునేవాడు.

"మియా, మనం గోడలు చూపిస్తం. కిరాయికి వచ్చెటోడు గల్లీల బతుకుతడు. నువ్వు గల్లీ చూపియ్" అనేవాడు.

నేను తలూపేవాణ్ని. ఆయన కళ్లు మందగించి ఇంటిపట్టున ఉండిపోయాక సెకండ్ హ్యాండ్ స్కూటర్ కొన్నాను, కార్డు అచ్చు వేయించాను, ఆయన మాట మర్చిపోయాను. వాన కోసం ఆగితే ఇంకో బ్రోకర్ ఇల్లు తన్నుకుపోతాడని నా లెక్క.

నా దృష్టిలో సేఫ్ ఏరియా అంటే ఇనుప గేటు, వాచ్‌మన్, కెమెరా. మంచి బడి అంటే పెద్ద బిల్డింగు, పసుపు బస్సులు, మెడలో టై కట్టుకున్న పిల్లలు. నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగింది. టై కనిపిస్తే చాలు నాకు భయం, భక్తి రెండూ కలుగుతాయి. నా సొంత పిల్లల బడిలోకి కూడా నేను వెళ్లింది రెండుసార్లే. ఇద్దరికీ టీసీలు తీసుకోవడానికి. మిగతాదంతా మా ఆవిడే చూసుకుంది. అలాంటి నేను ఊళ్లోకి కొత్తగా వచ్చినవాళ్లకు బడులు సిఫారసు చేసేవాణ్ని.

నర్సమ్మ జ్యోతి

పదేళ్ల కిందటి మాట. జ్యోతి అనే స్టాఫ్ నర్సు నిజామాబాద్ నుంచి బదిలీ మీద పాతబస్తీలోని ఒక సర్కారు ఆస్పత్రికి వచ్చింది. ఆమె భర్త కరెంటు డిపార్ట్‌మెంట్లో లైన్‌మన్. ఆయనకు బదిలీ దొరకలేదు, అక్కడే ఉండిపోయాడు. తొమ్మిదేళ్ల కూతురు అక్షర ఆమెతో వచ్చింది.

"అన్నా, శాలిబండ దిక్కు ఏమన్న ఉన్నదా? డ్యూటీకి నేను, బడికి పాప నడుచుకుంట పోయేటట్టు ఉండాలె" అని అడిగింది.

"అక్కడ మీకు సెట్ కాదు మేడమ్. ఇరుకు గల్లీలు. ఏదన్న లొల్లి అయితే మీకు తెల్వది. చిన్నపిల్లతోని ఎందుకు రిస్కు" అన్నాను.

ఇక్కడ రెండు సంగతులు ఒప్పుకోవాలి. చాంద్రాయణగుట్ట దాటాక ఒక కొత్త అపార్ట్‌మెంట్ నా చేతిలో ఉంది, అది ఎవరికైనా అంటగట్టాలి. అది మొదటిది. బయటి ఊళ్ల వాళ్లు పాతబస్తీ అనగానే కొంచెం జంకుతారు. ఆ జంకును నేను పోగొట్టేవాణ్ని కాదు, వాడుకునేవాణ్ని. ఇది రెండోది. నేను పుట్టింది శాలిబండ గల్లీల్లోనే. ఆమెకు ఆ మాట చెప్పి స్కూటరెక్కి నేరుగా అక్కడున్న మా ఇంటికే వెళ్లి అన్నం తిన్నాను.

జరిగింది మా ఆవిడకు చెప్తే, కూర వడ్డించడం ఆపి అడిగింది. "చిన్నపిల్లతోని రిస్కు అన్నవా? మరి మన పిల్లల్ని ఏడ పెంచినం?"

"అది బిజినెస్. నీకు తెల్వది" అన్నాను. బిజినెస్ ఆమెకు తెలియదు. మిగతావన్నీ తెలుసు.

జ్యోతి ఆ అపార్ట్‌మెంట్ చూసింది. గేటు, వాచ్‌మన్, కెమెరా ఒక్కొక్కటీ చూపించాను. పక్క రోడ్డులో ఉన్న నాలుగంతస్తుల బడిని స్కూటర్ మీద నుంచే చెయ్యెత్తి చూపించాను.

"బడి మంచిదేనా అన్నా?"

"టాప్ మేడమ్. నాది గ్యారంటీ. బస్సు ఇంటి ముందుకే వస్తది."

ఆమె నన్ను నమ్మి ఇల్లు తీసుకుంది.

ఆ సాయంత్రం

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు సాయంత్రం నేనూ మా ఆవిడా బేగంబజార్‌లో ఉన్నాం. చుట్టాలింట్లో పెళ్లికి స్టీలు సామాను కొంటున్నాం. జ్యోతి నుంచి ఫోన్ వచ్చింది. మోటారు పాడై నీళ్లు రావడం లేదేమో అనుకుని కట్ చేశాను. మళ్లీ వచ్చింది, మళ్లీ కట్ చేశాను. మూడోసారి మా ఆవిడ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని ఎత్తి నా చెవి దగ్గర పెట్టింది.

"అన్నా, పాప ఇంటికి రాలే. బస్సు దింపింది అంటున్నరు. వాచ్‌మన్ చూడలేదంటున్నడు. నేను డ్యూటీల నుంచి బయల్దేరిన. ఈ ఊర్ల నాకు మీరు తప్ప ఇంకెవ్వరు తెల్వదన్నా."

హైదరాబాద్ మహానగరంలో ఆ తల్లికి తెలిసిన ఒకే ఒక మనిషి ఆమెకు ఇల్లు అంటగట్టిన బ్రోకర్.

సామాను, మా ఆవిడను దుకాణంలోనే వదిలి స్కూటర్ తీశాను. ముందు అపార్ట్‌మెంట్‌కు వెళ్లాను. బస్సు ఇంటి ముందుకు రాదట. మలుపు తిరగదని మెయిన్ రోడ్డు మీదే పిల్లల్ని దింపేస్తారట. అక్కడి నుంచి పాప రోజూ ఒక్కతే నడిచి వస్తోంది. వాచ్‌మన్ ఒక్కడే నాలుగు బిల్డింగులు చూసుకుంటాడు. ఆ రోజు గేటుకు తాళం వేసి ఇంకో బిల్డింగులో మోటారు వేయడానికి వెళ్లాడు. కెమెరాలో అంతా కనిపించింది. పాప బ్యాగుతో గేటు ముందు నిలబడింది. గేటు తట్టింది. చాలాసేపు కింద కూర్చుంది. తర్వాత లేచి రోడ్డు వైపు వెళ్లిపోయింది. ఆ దారిలో పోయేవాళ్లు పోతూనే ఉన్నారు, ఒక్కరూ ఆగలేదు. కెమెరా మాత్రం అన్నీ చూసింది.

అక్కడి నుంచి బడికి పరుగెత్తాను. గ్యారంటీ ఇచ్చిన రెండు నెలలకు ఆ బడిలోకి మొదటిసారి అడుగు పెట్టాను. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. అడ్మిషన్ నంబర్ అడిగింది. నాకు తెలియదు. పాప పేరు చెప్తే, ఆ పేరుతో ఆరుగురు ఉన్నారు, ఏ సెక్షన్ అంది. క్లాస్ టీచర్ ఎవరని అడిగితే, పాత టీచర్ మానేసింది, కొత్తామె సోమవారం చేరుతుంది అంది. పాప స్నేహితురాళ్లు ఎవరో చెప్పగలిగిన మనిషి ఆ నాలుగంతస్తుల్లో దొరకలేదు.

జ్యోతి ఆస్పత్రి యూనిఫాంలోనే ఆటో దిగింది. ఇద్దరం పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు రాశాం. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఒకదాని తర్వాత ఒకటి ఎవరికో ఫోన్లు చేస్తూనే ఉంది, బస్సు డ్రైవర్‌కు, వార్డుకు, భర్తకు. రెండు ఫోన్ల మధ్య దొరికిన ఒక్క నిమిషంలో కొత్త నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

"అక్షర మమ్మీనా? ఎంత సేపటి సంది చేస్తున్న, మీ ఫోన్ ఖాళీగ ఉంటలే. బేటీ మా ఇంట్ల ఉన్నది. ఫికర్ చెయ్యకున్రి. అన్నం తింటున్నది."

జ్యోతి అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. నేను గోడ వైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాను.

రజియా బేగం గుమ్మం

గేటు తెరుచుకోకపోతే పాప అమ్మ దగ్గరికి వెళ్దామనుకుంది. చాంద్రాయణగుట్టలో చార్మినార్ వైపు వెళ్లే సిటీ బస్సెక్కి, ఆస్పత్రి అనుకుని ముందే దిగి, శాలిబండలో ఒక గల్లీలోకి వచ్చి, దారి తప్పి ఒక ఇంటి మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. చీరల మీద జరీ పని చేసే రజియా బేగం ఇల్లు అది.

మేము వెళ్లేసరికి గుమ్మంలో అయిదారుగురు ఆడవాళ్లు, కుర్చీలో ఒక ముసలాయన ఉన్నారు. పాప కూర్చుని అర గంట కాకముందే ముగ్గురు ఆగి ఎవరమ్మాయివని అడిగారట. రజియా బేగం లోపలికి తీసుకెళ్లి బ్యాగులో డైరీ వెతికి నంబర్ పట్టుకుంది. ఫోన్ కలవకపోతే భర్తను ఆస్పత్రికి పంపింది. అప్పటికే జ్యోతి అక్కడి నుంచి బయల్దేరింది.

రజియా బేగం గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వెవరు? తండ్రివా?"

"కాదమ్మా. బ్రోకర్‌ని. వీళ్లకు ఇల్లు ఇప్పించిన."

"తాళం తీసెటోడు లేని ఇల్లు నువ్వే ఇప్పించినవా?"

ఆమె లోపలికి తిరిగి, "బేటా, వీళ్లు నీకు తెలుసా?" అని అడిగింది.

పాప పరుగెత్తుకొచ్చి వాళ్లమ్మను చుట్టుకుంది. తర్వాత నా వైపు చూసి, "ఈ అంకుల్ ఒక్కసారే వచ్చిండు. నాకు మంచిగ తెల్వది" అంది. ఆ రోజు నా గురించి ఎవరైనా చెప్పిన అత్యంత సరైన మాట అదే.

కుర్చీలో ముసలాయన మాత్రం నన్ను గుర్తుపట్టాడు. "అరే, నువ్వు మన యాదగిరివి కదా. పక్క గల్లీల ఉంటవు కదా. మీ బాపు నాకు దోస్తు."

జ్యోతి తలెత్తింది. "మీరు ఈడనే ఉంటరా అన్నా?"

"అవునమ్మా."

"మీ పిల్లలు?"

"ఈడనే చదివిన్రు."

జ్యోతి పాప బ్యాగు తన భుజానికి తగిలించుకుని, చెప్పులేసుకుని, పాపతో ఆటో ఎక్కింది. నేను బేగంబజార్ వెళ్లాను. మా ఆవిడ స్టీలు బిందెల మధ్య కూర్చుని ఉంది. "దొరికిందా?" అంది. దొరికిందన్నాను. "సరే, ఇగ రేపటి సంది బిజినెస్ నాకు గూడ జర చెప్పు" అంది.

ఆమె ఇల్లు వెతికిన తీరు

వారం తర్వాత జ్యోతి ఫోన్ చేసింది. ఈసారి మొదటి రింగుకే ఎత్తాను.

"శాలిబండల ఇల్లు చూపియ్యున్రి. కాని ముందుగాల బడి. ఇల్లు తర్వాత."

నేను జాబితా తీయబోతే వద్దంది. బడి వదిలే వేళకు మూడు రోజుల్లో మూడు బళ్ల గేటు ముందు నన్ను నిలబెట్టింది. ఎండలో. పిల్లలు ఎలా బయటికొస్తున్నారో చూసేది. పెద్ద పిల్లలు చిన్నవాళ్లను తోసేస్తున్నారా, చెయ్యి పట్టుకుంటున్నారా అని చూసేది. మనవల కోసం వచ్చిన నానమ్మలతో మాట కలిపేది. మూడోది రెండంతస్తుల చిన్న బడి, కింద స్టేషనరీ దుకాణం. నా లెక్కలో అది బడే కాదు. పిల్లలకు టైలు లేవు. హెడ్ మేడమ్ మాత్రం ప్రతి పిల్లనూ పేరు పెట్టి పిలిచి పంపిస్తోంది.

లోపలికి వెళ్లాం. హెడ్ మేడమ్ మా ఇద్దరినీ పట్టించుకోకుండా అక్షరను అడిగింది. "నీకు అసలు ఇష్టం లేని సబ్జెక్ట్ ఏది?" లెక్కలు అంది పాప. "నాకు కూడా చిన్నప్పుడు రాలేదు. ఇప్పుడు నేనే చెప్తున్న" అందామె.

జ్యోతి రెండే ప్రశ్నలు వేసింది. టీచర్లు ఎన్నేళ్లుగా ఉన్నారు, ఆడపిల్లల బాత్రూం ఒకసారి చూడొచ్చా. బయటికొచ్చాక బాత్రూం ఎందుకని అడిగాను.

"నేను నర్సును అన్నా. ఏ ఆస్పత్రి ఎట్లున్నదో బాత్రూం చూస్తే తెలుస్తది. బడి గూడ గంతే."

తర్వాత ఇల్లు. మొదటి ఇంటి ఓనర్ బట్టల వ్యాపారి, పెద్దమనిషి. నన్ను పక్కకు పిలిచి, "నైట్ డ్యూటీలు అంటున్నవు, మొగడు వేరే ఊర్ల ఉన్నడంటున్నవు. వద్దులే" అన్నాడు.

పిల్లలూ, ఈ సంగతి మీకు ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నాను. మన పనిలో సగం ఇదే. మతమని, కులమని, మాంసమని, ఒంటరి ఆడమనిషని ఓనర్ వద్దంటాడు. మనం బయటికొచ్చి 'ఇల్లు పోయిందట సార్' అంటాం. దాన్ని నేను ఇరవై ఏళ్లు మర్యాద అనుకున్నాను. అది ఓనర్ అబద్ధాన్ని నా నోటితో చెప్పడం. ఆ రోజు కూడా 'ఇల్లు...' అని మొదలుపెట్టాను. జ్యోతి ముఖం చూశాక నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆమె కోప్పడలేదు. "గట్ల చెప్తే అయిపాయె కదా. ఇంకోటి చూద్దాం" అంది.

ఇంకోటి మేము చూడక్కర్లేకపోయింది. పాపను చూడాలని ఉందని రజియా బేగం పిలిచింది, వెళ్తే, పైన రెండు గదులు ఖాళీగా ఉన్నాయని ఆమే చెప్పింది. చెప్పి, వాటి లోపాలన్నీ వరసగా చెప్పింది. నల్లా నీళ్లు దినం విడిచి దినం వస్తాయి. గట్టి వానకు గల్లీలో మోకాలి దాకా నీళ్లు. షాదీలప్పుడు బ్యాండు మోతకు నిద్రుండదు. నేను మధ్యలో దగ్గుతూనే ఉన్నాను. నా జీవితంలో అంత దరిద్రంగా ఇల్లు కిరాయికి పెట్టిన ఓనర్‌ను చూడలేదు.

చివరికి ఆమె కొంచెం తటపటాయించింది. "మేం గోష్ వండుతం. మీకు వాసన గిట్ల ఇబ్బంది అయితదేమో."

"మేం గూడ వండుతం అక్కా. మీది బాగుంటే మేమే కిందికి వస్తం" అంది జ్యోతి.

స్వర్గమేమీ కాదు

శాలిబండే భద్రం, కొత్త కాలనీలు చెడ్డవి అని నేను చెప్పడం లేదు. అలా చెప్తే అది ఇంకో రకం బ్రోకర్ మాట. ఆ గల్లీలో అక్షరను ఒకసారి బైక్ తగిలి మోచేయి చిట్లింది. ఒక వానాకాలం కింద గదిలోకి నీళ్లొచ్చి రజియా బేగం జరీ చీరలు తడిశాయి. రాత్రంతా పైన జ్యోతి గదిలో తాళ్లు కట్టి ఆరేశారు. చాంద్రాయణగుట్ట దాటాక కూడా మనుషులు మనుషుల్లా ఉండే వీధులు ఉన్నాయి. నేను చూపించింది అలాంటిది కాదు, అంతే. ఎందుకంటే ఆ వీధిలో నేను పది నిమిషాలు కూడా నిలబడి చూడలేదు.

అప్పటి నుంచి పిల్లలున్న వాళ్లెవరొచ్చినా ముందు బడి గేటు దగ్గరికి తీసుకెళ్లేవాణ్ని. తర్వాత గల్లీలో ఏదో ఒక మెట్టు మీద కూర్చోబెట్టేవాణ్ని. కాసేపట్లో ఎవరైనా వచ్చి మీరెవరని అడిగితే మంచి గుర్తు. ఎవరూ అడగకపోతే గేటు ఎంత ఎత్తున్నా లాభం లేదు. కొందరు విసుక్కుని వెళ్లిపోయారు. వాళ్లను నవ్వుతూ ఇంకో బ్రోకర్‌కు అప్పగించాను. అప్పగించే ముందు కమీషన్ పోయిందని కొంచెం ఏడ్చుకున్నాను కూడా. మిగిలినవాళ్లు 'యాదగిరి పద్ధతి' అని నలుగురికీ చెప్పారు. ఆ పద్ధతి నాది కాదని నేను ఎవరికీ చెప్పలేదు.

మంచిర్యాల నుంచి ఫోన్

జ్యోతి ఆరేళ్లు ఆ ఇంట్లోనే ఉంది. పాప ఆ చిన్న బడిలోనే పదో తరగతి దాకా చదివింది. లెక్కల్లో గొప్ప మార్కులేమీ రాలేదు గానీ, మా గల్లీల్లో ఎవరికి ఏ కాగితం నింపాలన్నా దాన్నే పిలిచేవాళ్లు. తర్వాత జ్యోతికి మంచిర్యాలకు బదిలీ అయింది, ఆమె భర్త కూడా అక్కడికి వేయించుకున్నాడు. వెళ్లే రోజు రజియా బేగం లోపలి నుంచి బయటికి రాలేదు. జ్యోతే కిందికి దిగి లోపలికి వెళ్లింది. చాలాసేపటికి వచ్చింది.

మంచిర్యాలలో నాకు ఎవరూ తెలియదు. వాళ్లూ నన్ను అడగలేదు. పదిహేను రోజుల తర్వాత ఒక కొత్త నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

"యాదగిరన్నేనా? నేను మంచిర్యాలల ఇండ్లు చూపిస్తనన్నా. అక్షర అనే అమ్మాయి నీ నంబర్ ఇచ్చింది."

"ఏమైంది?" అన్నాను కంగారుగా.

"ఏం కాలే. నాలుగు ఇండ్లు చూపించిన. ప్రతి గల్లీల గంట గంట కూసోబెట్టింది. కాలేజీ బాత్రూం చూస్త అన్నది. ఓనర్ వద్దంటే అసలు కారణమేందో చెప్పమన్నది. గిట్ల ఎవరు అడుగుతరన్నా? గివన్ని ఏడ నేర్చినవమ్మా అంటే, హైదరాబాద్‌ల పెద్ద బ్రోకర్ యాదగిరి అంకుల్ ఉన్నడు, ఆయన దగ్గర అన్నది. నిజంగ నువ్వే నేర్పినవా అన్నా?"

ఎదురుగా మా ఆవిడ కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఫోన్లో మాట ఆమెకు స్పష్టంగా వినిపిస్తోంది. తలెత్తి నా వైపు చూసింది.

"అవును తమ్మీ," అన్నాను. "నేనే నేర్పిన."